కొలత తగ్గిన పిల్ల

మా వీధి కుళాయి దగ్గర చాలాకాలం రెండు వరసలుండేవి. ఫొటో ఉన్న ఇళ్లవాళ్లది ముందు వరస, ఫొటో లేని ఇళ్లవాళ్లది వెనక వరస. ఫొటో అంటే ఏం లేదు. సముద్రాల అవతల ఎవరో ఒకరు మన పిల్లల్లో ఒకరి ఫొటో చూసి, ఈ బిడ్డకి నేను సాయం చేస్తానని ఒప్పుకుంటారు. నెలనెలా వాళ్లు పంపేది ఆ బిడ్డ చేతికి రాదు. అలాంటి పిల్లలు అరవైనలుగురు ఉన్నందుకు వీధి మొత్తానికి వస్తుంది. కుళాయి అలా వచ్చిందే. మురిక్కాలవ మీద పలకలు పడ్డాయి, వీధి చివర రెండు గదుల బడి లేచింది, వారానికోసారి నర్సు వస్తోంది. ఏది ముందు కావాలో తల్లుల కమిటీ కూర్చుని తేల్చుకుంటుంది.

సంస్థవాళ్లు ఈ సంగతి బొమ్మలు గీసి మరీ చెప్పారు. వీధి శ్రద్ధగా విని, తలూపి, తనకు తోచినట్టే అర్థం చేసుకుంది. "మా అమ్మాయి మొహం చూసి ఇచ్చిన కుళాయి ఇది. నీ కొడుకు మొహం ఎవరికీ నచ్చలేదు, వెనక్కి పో" అని ఒకావిడ అనేది. "నచ్చి ఇవ్వలేదమ్మా, చూసి జాలిపడి ఇచ్చారు" అని వెనక వరసలోంచి జవాబు వచ్చేది. బిందె నిండేదాకా ఇదే కాలక్షేపం.

ఆ అరవైనలుగురినీ ఏడాదికోసారి గోడకి నిలబెట్టి కొలిచే పని మా మేనత్తది. వీధి ఆమెని టేపక్క అంటుంది.

మా తాత దర్జీ. అత్తకి పదేళ్లు వచ్చేసరికి ఆమె మెడలో టేపు పడింది. ఎనిమిదో తరగతిలో చదువు ఆగింది గానీ టేపు మెడలోంచి దిగలేదు. ఎవరైనా పెళ్లికి వెళ్తే ఎవరు ఏం కట్టుకున్నారో చూసి వస్తారు. అత్త మాత్రం ఎవరి కుడిభుజం ఎంత జారిందో చూసి వస్తుంది. "మనిషి అబద్ధమాడతాడు, భుజం ఆడదు" అనేది. లావెక్కిన సంగతి ఒప్పుకోక పాత కొలతకే కుట్టమనే వాళ్లు ఆమె దగ్గరికి రావడం మానేశారు. వ్యాపారానికి పనికిరాని గుణం ఇది. తాత పోయాక కుట్టుమిషను మూలపడటానికి సగం కారణం ఆ గుణమే.

తొమ్మిదేళ్ల కింద సంస్థవాళ్లు వచ్చి, ఈ వీధిలో సరిగ్గా కొలవగలిగి, అంకెలు పొందిగ్గా రాయగలిగినవాళ్లు ఎవరని అడిగితే అందరూ ఆమె ఇల్లే చూపించారు. అప్పటినుంచి ఎత్తు, బరువు, టీకాలు, బడి, ఒక్కో పిల్లకి ఒక్కో ఫైలు ఆమె చేతిమీదే నడుస్తోంది. కొన్నాళ్లు నాకూ ఒక ఫైలుండేది. ఏటా కొలిచేటప్పుడు నేను మడమలు కొంచెం లేపేవాణ్ని. ఆమె తల వైపు చూస్తూనే కాలితో నా మడమ మీద తట్టేది. మేనల్లుడన్న మొహమాటం ఎప్పుడూ లేదు.

గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. సాగిన టేపు మనిషిని పొట్టిగా చూపిస్తుంది. అందుకని అత్త ప్రతి ఏడూ కొలతల ముందురోజు టేపుని ఉక్కు స్కేలు పక్కన పరిచి చూసుకునేది. ఒక్క గీత తేడా ఉన్నా కత్తెరతో రెండుగా కోసి పారేసేది. పొరపాటున కూడా మళ్లీ ఎవరూ దాన్ని వాడకూడదని.

అలాంటి మనిషి చేతిమీదే ఒక పిల్ల నాలుగు సెంటీమీటర్లు తగ్గిపోయింది.

సంగతి వీధిలో ఎవరికీ తెలియలేదు, అత్తకీ తెలియలేదు. సముద్రం అవతలున్న ఒక ముసలాయనకి తెలిసింది. ఆయన భార్య పోయింది, పిల్లలు లేరు. మా వీధిలో ఒక పిల్లకి ఐదేళ్లుగా సాయం చేస్తున్నాడు. ఏడాదికోసారి వెళ్లే నివేదికలో పిల్ల ఎత్తు ఉంటుంది. ఆయన ఆ ఎత్తు చూసి తన వంటింటి తలుపు చట్రం మీద పెన్సిల్‌తో గీత పెట్టి, పక్కన సంవత్సరం వేసుకుంటున్నాడట. ఈ ఏడు గీత పెట్టబోతే, అది పోయినేటి గీత కిందికొచ్చింది. ఆయన రెండు రోజులు ఆగి, తనకి తెలిసిన డాక్టర్ని అడిగి, ఉత్తరం రాశాడు. పిల్లకి ఎముకల జబ్బేమైనా ఉందా, ఉంటే నాకు చెప్పడానికి మొహమాటపడుతున్నారా అని.

ఆ ఉత్తరం గడువు సారు చేతికొచ్చింది. ఆయన మా ప్రాంతపు ఆఫీసు మేనేజరు. ఏ మాట మొదలుపెట్టినా ఏదో ఒక తేదీతో ముగిస్తాడు గనక ఆ పేరు. అత్తని పిలిచి ఉత్తరం చదివి వినిపించి, పదిహేను రోజుల్లో జవాబు వెళ్లాలన్నాడు.

అత్త ఇంటికొచ్చి ఫైలు తీసింది. పోయినేడు నూట ముప్పై ఒకటి, ఈ ఏడు నూట ఇరవై ఏడు. రెండూ ఆమె చూసి చెప్పిన అంకెలే. టేపు తీసి స్కేలు పక్కన పరిచింది. గీతకి గీత సరిపోయింది. అప్పుడు కూర్చుని కొలతల రోజుని మొదటినుంచీ గుర్తు తెచ్చుకుంది.

ఆ నెల వీధిలో పేల బెడద ఎక్కువై, నర్సు ఆడపిల్లలందరికీ జుట్టు పొట్టిగా కత్తిరించేసింది. వెనకనుంచి చూస్తే అందరూ ఒక్కలాగే ఉన్నారు, ముందునుంచి చూసినా దాదాపు అంతే. కమిటీలో ఒకామె పిల్లల పేర్లు పిలుస్తుంది, పేరు విన్న పిల్ల వచ్చి గోడకి ఆనుకుంటుంది. అత్త తల మీద చెక్కపలక ఆనించి, టేపు చూసి అంకె చెబుతుంది. ఆ కమిటీ ఆమే రాసుకుంటుంది. రోజుకి ముప్పై రెండు మంది. అత్త పలకని చూసింది, టేపుని చూసింది, మడమల్ని చూసింది. మొహం చూడలేదు. మొహం కొలతలో లేదు కదా.

మర్నాడు పొద్దున దుప్పట్లామె ఇంటికి వెళ్లింది. దుప్పట్లామె ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. వీధిలో అందరికంటే తెల్లటి గోళ్లు ఆమెవి. మొగుడు ఓడరేవు పనుల్లో ఎక్కడో ఉంటాడు, అప్పుడప్పుడు వస్తాడు. ఆమెకి ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది, చిన్నది. ఇంట్లోవాళ్లు అలాగే పిలుస్తారు. ఫొటో ఉన్నది పెద్దదానికి, ముసలాయన సాయం చేసేది దానికే. అత్త వెళ్లేసరికి చిన్నది ఒక్కతే గుమ్మంలో కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటోంది.

"లేచి నిలబడు" అంది అత్త. చిన్నది లేచి, అలవాటుగా గోడకి ఆనుకుంది. అత్త టేపు తియ్యలేదు. చూస్తేనే తెలిసిపోయింది.

లోపల్నుంచి దుప్పట్లామె వచ్చింది. దాచడానికి ప్రయత్నించలేదు. పెద్దది ఎనిమిది నెలలుగా తన చెల్లెలి ఇంట్లో ఉంది, బస్సులో మూడు గంటల దూరం. చెల్లెలు సబ్బుల ఫ్యాక్టరీలో చేరింది, ఆమెకి చంటిపిల్లాడు, చూసేవాళ్లు లేరు. రెండేళ్ల కింద తనకి కడుపులో ఆపరేషన్ అయినప్పుడు ఆ చెల్లెలు చేస్తున్న పని మానుకుని వచ్చి నలభై రోజులు ఈ ఇద్దరు పిల్లల్ని సాకింది. ఇప్పుడు ఆమె నోరు తెరిచి అడిగితే కాదని ఎలా అంటుంది? కొలతల రోజు దగ్గరపడుతుంటే భయమేసి, చిన్నదానికి పెద్దదాని గౌను తొడిగి పంపింది.

"మూడు నెలలు వీధిలో లేకపోతే పేరు కొట్టేస్తారు. తెలుసు కదా నీకు" అంది అత్త.

"తెలిసే కదా వదినా చిన్నదాన్ని పంపింది."

ఇక్కడ నిబంధన చెప్పాలి. పేరు ఒకసారి కొట్టేస్తే ఆ పిల్లకి మళ్లీ ఫైలు తెరవరు. ఫైలుంటే పదో తరగతిదాకా పుస్తకాలు, తర్వాత ఏదో ఒక పని నేర్చుకోవడానికి రెండేళ్ల చదువు. మా వీధిలో నర్సుగానో ఎలక్ట్రీషియన్‌గానో తేలినవాళ్లు నలుగురున్నారంటే ఆ దారినే. దుప్పట్లామె పెద్దదాన్ని నర్సు చెయ్యాలని అందరికీ చెప్పుకునేది.

సంగతి సాయంత్రానికల్లా కమిటీకి తెలిసింది, మర్నాటికి గడువు సారుకి తెలిసింది. విచిత్రం ఏమిటంటే అందరూ ఒకే మాట మీదికొచ్చారు. టేపు సాగిందని రాసేద్దాం. కొలత తప్పు పడింది, పిల్ల క్షేమం, మళ్లీ కొలిచి పంపుతామని రెండు ముక్కలు రాస్తే ముసలాయన సంతోషిస్తాడు. పిల్ల ఫైలు నిలుస్తుంది, వీధి పేరు నిలుస్తుంది, ఆఫీసు పేరు నిలుస్తుంది. పోయేదల్లా టేపక్క పేరే. అది పెద్ద విషయంగా ఎవరికీ తోచలేదు, ఆమెతో సహా. ఒక్క మాట తన మీద వేసుకుంటే ఒక పిల్ల బతుకు నిలుస్తుందంటే వేసుకుంటానని ఆమె మా ఇంట్లోనే అంది. కానీ జవాబు రాసేముందు పిల్లని ఒకసారి కళ్లతో చూసొస్తానంది. ఫైలులో ఉన్న పిల్లని కళ్లతో చూడటం ఆమె పనిలో భాగమే.

బస్సెక్కి వెళ్లింది. ఆ ఊళ్లో ఒక గిడ్డంగి పైన ఒకే ఒక్క గది. దుప్పట్లామె చెల్లెలు పనికి వెళ్లిపోయింది. పెద్దది చంటివాణ్ని నడుం మీద ఎత్తుకుని తలుపు తీసింది. వాడి బరువుకి అలవాటుపడి ఆమె నడుం ఒక పక్కకి తిరిగి ఉంది. కుడిభుజం జారింది. జుట్టు పొడుగ్గానే ఉంది. అక్కడ దాన్ని ఎవరూ కత్తిరించలేదు.

అత్త వాణ్ని కింద కూర్చోబెట్టించి, పెద్దదాన్ని తలుపు పక్కన నిలబెట్టి కొలిచింది. నూట ముప్పై ఎనిమిది.

పెద్దది బాగానే మాట్లాడింది. వాడికి పళ్లొస్తున్నాయని చెప్పింది, పిన్ని తనని ఏమీ అనదని చెప్పింది, కిందనున్న గిడ్డంగిలో ఎలుకలెక్కువని చెప్పింది. వీధి సంగతులన్నీ అడిగింది. తర్వాత అడిగింది:

"అత్తా, అక్కడ కాగితంలో నేను బడికి వెళ్తున్నానా?"

"వెళ్తున్నావు."

"బాగా చదువుతున్నానా?"

అత్త దగ్గర జవాబు ఉంది. ఫైలులో, చదువు మీద శ్రద్ధ బాగుంది అని రాసి ఉంది. గడువు సారు ఆఫీసులో పోయినేటి వాక్యాన్నే ఈ ఏడూ దించారు. అది దించినందుకు ఎవర్నీ తప్పుపట్టలేం, అరవైనాలుగు ఫైళ్లు. అత్త చేతిలో టేపుని చుట్టడం మొదలుపెట్టింది. చంటివాడు ఏడుపు అందుకుంటే పెద్దది వాణ్ని ఎత్తుకుని గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. అత్త లేచింది.

దుప్పట్లామె చెల్లెలు పనినుంచి వచ్చేదాకా కింద మెట్ల మీద కూర్చుని, ఆమె రాగానే అడిగింది. ఆ అమ్మాయి కోప్పడలేదు. "నాకూ తెలుసు వదినా, చదువుకునే పిల్ల. వీడు నడిచేదాకా ఉండనీ. ఇంకో ఏడాది. కాగితంలో పేరుంది కదా, ఎక్కడికీ పోదని అక్కే చెప్పింది" అంది.

తిరుగు బస్సులో మూడు గంటలు అత్త ఆ మాట గురించే ఆలోచించిందట. పేరు ఎక్కడికీ పోదు. నిజమే. అబద్ధం రాస్తే పేరు భద్రంగా ఉంటుంది, చిన్నది గోడకి ఆనుకుంటూ ఉంటుంది, అంకె ఏటా పెరుగుతుంది, ముసలాయన తలుపు మీద గీతలు పైకి పోతాయి. పెద్దది ఆ గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. అందరికీ అన్నీ ఉంటాయి గనక ఎవరికీ ఆమెని తీసుకురావాల్సిన తొందర ఉండదు.

నాలుగు రోజుల తర్వాత గడువు సారు ఎదురుగా కూర్చుని ఆమె జవాబు రాసింది. ఆయన ముందే చిత్తుప్రతి తయారు చేసి ఉంచాడు. సంతకం పెడితే చాలు.

"టేపు సాగిందని ఒక్క ముక్క అమ్మా. నాలుగో తేదీలోపు వెళ్లిపోవాలి" అన్నాడు.

"టేపు సరిగ్గానే ఉంది సార్. పిల్లే లేదు."

"ఉన్నది ఉన్నట్టు రాస్తే నేను పేరు కొట్టెయ్యాలి. నా చేతిలో ఏం లేదు."

"కొట్టెయ్యండి."

ఆయన తన చిత్తుప్రతి పక్కకి జరిపి, ఆమె ముందు తెల్లకాగితం పెట్టాడట. చెడ్డమనిషి కాదు. ఆ కుర్చీలో మంచిమనిషి కూర్చున్నా చెడ్డమనిషి కూర్చున్నా కాగితాలు ఒకే దారిన పోతాయి, అంతే. ఆమె రాసింది ఇంత: మీరు అడిగిన పిల్లకి జబ్బు లేదు. ఆమె ఎత్తు నూట ముప్పై ఎనిమిది. మీకు పంపిన కొలత ఆమె చెల్లెలిది. మొహం చూడకుండా కొలవడం నా తప్పు. పిల్ల వేరే ఊళ్లో చుట్టాల బిడ్డని చూసుకుంటోంది, బడికి వెళ్లడం లేదు. మా నిబంధన ప్రకారం ఆమె పేరు తీసేస్తున్నాం.

పేరు కొట్టేసిన కాగితం వీధికొచ్చిన రోజు దుప్పట్లామె మా ఇంటి ముందు నిలబడింది. అరవలేదు. అరిచుంటే వీధికి కొంచెం ఊరటగా ఉండేది.

"నీ కొలత తప్పనిపించుకోవడం ఇష్టం లేక నా పిల్లని కొట్టేశావు" అంది. "రేపు నర్సైతే నీకే సూది వేసేది కదా. ఏం పోయింది నీకు?"

ఆమె వెళ్లాక నేను అత్తని అడిగాను, నిజంగా పరువు కోసమేనా అని. నాకూ ఆ అనుమానం ఉంది. "కొంత అదీ ఉంది" అంది. తన మీద మాట వేసుకుంటానన్న మనిషి ఎందుకు మారిందో నేను ఊహించి రాశానే తప్ప, ఆమె చెప్పింది బస్సులో ఆలోచించాననే.

కమిటీ ఆమెతో మాటలు తగ్గించింది. ఒక పిల్ల తగ్గినందుకు వీధికేమీ ఆగిపోలేదు, అరవైమూడు మంది ఉన్నారు. అయినా ఇవాళ ఆ ఇంటిది పోయింది, రేపు మనది పోదని నమ్మకమేమిటన్నది వాళ్ల భయం. భయానికి అర్థం ఉంది. సగం ఇళ్లలో ఏదో ఒక గౌను తనది కాని ఒంటిమీద ఉండేది.

మూడోరోజు దుప్పట్లామె లాండ్రీకి సెలవు పెట్టి బస్సెక్కింది. ఎవరితోనూ చెప్పలేదు. లాండ్రీలో పక్కన పనిచేసే ఆమెతో మాత్రం అన్నదట: పేరిక్కడ ఉంటే పిల్ల కూడా ఇక్కడే ఉన్నట్టు ఉండేది, ఇప్పుడు ఇల్లు బొత్తిగా ఖాళీగా ఉందని. ఆ సాయంత్రమే పెద్దదాన్ని తీసుకుని దిగింది. అక్కాచెల్లెళ్ల మధ్య ఏం జరిగిందో తెలియదు. చెల్లెలు సబ్బుల ఫ్యాక్టరీ మానేసింది, అక్కతో మాటలూ మానేసింది. నలభై రోజుల చాకిరీకి బదులు తీరిందో లేదో వాళ్లే చెప్పాలి. ఈ కథలో ఆ అమ్మాయి చేసిన తప్పేమిటో నాకు ఇప్పటికీ దొరకలేదు.

పెద్దది మర్నాడు వీధి చివరి బడికి వెళ్లింది. పేరు కొట్టేశారు కదా, రానిస్తారా అని వీధి చూసింది. పంతులమ్మ హాజరుపట్టీ చివర పేరు రాసుకుని, కూర్చోమంది. ఆ గదులు జాబితావి కాదు, వీధివి. తొమ్మిదేళ్ల కింద బొమ్మలు గీసి చెప్పింది ఇదే. పోయిన ఏడాది పాఠాలు రాక పెద్దదాన్ని ఒక తరగతి కింద కూర్చోబెట్టారు. పుస్తకాలు ఫైలున్నవాళ్లకే ఇస్తారు గనక ఫైలున్న పిల్ల ఎవరో ఒకరి పక్కన కూర్చుని ఆ పుస్తకంలోకి తొంగి చూస్తుంది. పదో తరగతి తర్వాతి రెండేళ్ల చదువు మాత్రం పోయినట్టే. దానికి వీధి దగ్గర జవాబు లేదు.

ముసలాయనకి నిబంధన ప్రకారం వేరే పిల్లవాణ్ని చూపించారు. ఆయన ఒప్పుకున్నాడు. దాంతోపాటు పెద్దదానికని ఒక ఉత్తరం పంపాడు. పేరు తీసేసిన పిల్లకి ఉత్తరం ఇవ్వకూడదన్నది ఇంకో నిబంధన. అది గడువు సారు బీరువాలో ఉంది. నాకివ్వండి, చదివి చెప్పి తిరిగిచ్చేస్తానని అత్త రెండుసార్లు అడిగింది. పై ఆఫీసుకి రాశాను, ఇరవయ్యో తేదీకల్లా తెలుస్తుందన్నాడు. ఇరవయ్యో తేదీలు మూడు గడిచాయి.

కొలతలు ఇప్పటికీ అత్తే తీస్తోంది. తీసెయ్యాలని కమిటీలో మాటొచ్చింది గానీ, ఆ పని చెయ్యడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు.

దుప్పట్లామె నాలుగు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఎదురుపడితే దారి మారేది. ఒక ఆదివారం మధ్యాహ్నం మా గుమ్మం దగ్గరికొచ్చి, లోపలికి రాకుండా, గోడ వైపు చూస్తూ నిలబడింది. అత్త పప్పు ఏరుతోంది.

"దానికి భాగహారాలు రావట్లేదంట. పంతులమ్మ చెప్పింది."

"రావు మరి. ఏడాది పోయింది."

"నీకు వచ్చా?"

"వచ్చు."

దుప్పట్లామె వెళ్లడానికి తిరిగింది. "సాయంత్రం నేను పనిలో ఉంటాను. ఒక్కతే వస్తుంది, ఆలస్యం చెయ్యకుండా పంపెయ్యి" అని వెళ్లిపోయింది.

పెద్దది ఆ రోజునుంచి వస్తోంది. శేషం మిగిలే లెక్కల దగ్గర ఇంకా తడబడుతోంది.